అధ్యాయం 9: మాల తీసిన మర్నాడు

మూడేళ్లు వరసగా అయ్యప్ప మాల వేశాను. మూడుసార్లూ దీక్ష ఉన్న 41 రోజులు మందు వాసన కూడా చూడలేదు. మూడుసార్లూ కొండకు వెళ్లొచ్చి, మాల తీసిన వారం తిరక్కుండానే వైన్ షాపు ముందు నిలబడ్డాను.

"స్వామి కోసం మానగలిగినవాడివి, నీ పిల్లల కోసం మానలేవురా?" అని మా అమ్మ అడిగేది. తల వంచుకునేవాణ్ని. పిల్లల మీద ప్రేమ లేక కాదని నాకు తెలుసు. మరెందుకో తెలియదు.

జవాబు చాలా ఏళ్లకు దొరికింది. దీక్షలో ఉన్నప్పుడు సాయంత్రం ఆరున్నరకు నా కాళ్లు ఎటు వెళ్లాలో ముందే తేలిపోయి ఉండేది. చన్నీళ్ల స్నానం చేసి సన్నిధానానికి వెళ్లాలి. అక్కడ ఇరవై మంది స్వాములు ఉండేవారు. అందరిదీ ఒకే నియమం, ఒకే బట్ట, ఒకే పిలుపు. ఒక్క పూట కనబడకపోతే గురుస్వామి ఇంటికి మనిషిని పంపేవారు. మాల తీసిన మర్నాడు కూడా ఆరున్నర అయింది. సన్నిధానం పందిరి విప్పేశారు. స్వాములంతా ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. నా కాళ్లకు తెలిసిన దారి ఒక్కటే మిగిలింది.

ఆ 41 రోజులు నన్ను నిలబెట్టిన భక్తి పక్కన మనుషుల బలం కూడా ఉందని నేను గుర్తించలేదు. ఏడాది పొడుగునా పందిరి విప్పని సన్నిధానం లాంటి చోటు తాగుడు మానాలనుకునేవాళ్లకు కూడా ఉంది. దాన్ని మీ ఊళ్లో ఎలా వెతుక్కోవాలో చెప్పడమే ఈ అధ్యాయం పని.

ముందు ఒక ప్రాణాపాయం గురించి

ఆ చోటు కోసం వెతికే ముందు ఒక్క ప్రశ్నకు నిజం చెప్పుకోండి. పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయా? ఒక పెగ్గు పడితే తప్ప ఆ వణుకు ఆగట్లేదా? ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, లేనివి కనబడ్డాయా, వినబడ్డాయా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సొంతంగా ఒక్కసారిగా ఆపేయకండి.

రోజూ ఎక్కువగా తాగే శరీరం మందు ఆగిన కొద్ది గంటల్లోనే ఎదురు తిరుగుతుంది. వణుకు, చెమటలు, నిద్రలేమి మొదటి రోజే మొదలవుతాయి. ఫిట్స్ వచ్చే ప్రమాదం మొదటి రెండు రోజుల్లో ఎక్కువ. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి తప్పుతుంది, మనుషుల్ని గుర్తుపట్టలేరు, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనబడుతుంది. ఆ స్థితిలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. "దయ్యం పట్టింది" అని తాయెత్తు కట్టించే సమయం కాదది. 108కి ఫోన్ చేయాలి.

అందుకే మొదటి అడుగు ఆసుపత్రి. జిల్లా పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాలలు ఉన్నాయి. అక్కడికి వెళ్తే పిచ్చివాడంటారన్న భయం చాలామందికి ఉంటుంది. మద్యానికి బానిసవడాన్ని వైద్యం ఒక జబ్బుగానే చూస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా దాన్ని తన పరిధిలోకి తీసుకుంది. బీపీకి, షుగరుకు డాక్టరు దగ్గరికి వెళ్లినట్టే దీనికీ వెళ్లాలి. అయిదారు రోజులు మాత్రలతో, బి1 విటమిన్‌తో శరీరాన్ని ఒడ్డున పడేస్తారు.

అక్కడితో సగం పనే అవుతుంది. మిగతా సగం ఇంటికొచ్చాక మొదటి సాయంత్రం ఆరున్నరకు మొదలవుతుంది.

హోటల్ వరండాలో మొదలైన మాట

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఏక్రన్ అనే ఊరు ఉంది. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి అక్కడికి వచ్చాడు. తాగుడు మాని అప్పటికి అయిదు నెలలే అయింది. వచ్చిన పని చెడింది. జేబు ఖాళీ. హోటల్ వరండాలో ఒక వైపు బార్‌లో నవ్వులు వినబడుతున్నాయి, మరో వైపు ఫోన్ ఉంది. ఆ రెంటి మధ్య అటూ ఇటూ తిరిగాడు.

ఆ సాయంత్రం అతను ఫోన్ ఎత్తాడు. ఊళ్లోని చర్చిల జాబితా చూసి ఒక పాదిరికి ఫోన్ చేశాడు. తనను ఆపమని అడగలేదు. ఈ ఊళ్లో తనలాంటి తాగుబోతు ఎవరైనా ఉంటే మాట్లాడాలని అడిగాడు. ఒకరు ఇంకొకరి పేరు చెప్పగా, హెన్రియెట్టా సీబర్లింగ్ అనే ఆవిడ అతన్ని మర్నాడు తమ ఇంటికి పిలిచి డాక్టర్ బాబ్ స్మిత్‌తో కలిపింది. ఆయన సర్జన్. మానాలని ఎన్నో ప్రయత్నాలు చేసి ఓడిపోయినవాడు. పావుగంటకు మించి కూర్చోనని ముందే చెప్పి వచ్చాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆరు గంటలు దాటిపోయింది.

మరి అంతకు ముందు డాక్టర్ బాబ్‌కు నీతులు చెప్పినవాళ్లు లేరా? చాలామంది ఉన్నారు. "నాకూ ఇలాగే జరిగింది" అని చెప్పినవాడు మాత్రం ఇతనే మొదలు. డాక్టర్ బాబ్ ఆఖరి చుక్క తాగిన రోజు 1935 జూన్ 10. తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏ.ఏ. అని పిలిచే సంస్థ, ఆ రోజునే తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకుంటుంది.

మీరిప్పుడు చేయబోయేది కూడా బిల్ ఆ సాయంత్రం చేసిన పనే. మీలాంటి మనిషి దొరికేదాకా ఫోన్ చేయడం.

ఏ.ఏ. పనిచేస్తుందా అని అడిగే హక్కు మీకుంది. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2020లో పదివేల మందికి పైగా పాల్గొన్న 27 అధ్యయనాలను కలిపి చూసింది. ఏ.ఏ. దారి పట్టించిన చికిత్సల్లో ఏడాది తర్వాత 42 శాతం మంది పూర్తిగా మద్యానికి దూరంగా ఉన్నారు. ఇతర చికిత్సల్లో అది 35 శాతం. అందరికీ పనిచేసే మంత్రం ఏదీ లేదని ఆ అంకెలే చెబుతున్నాయి. ఫీజు లేకుండా దొరికే ఒక సాయం ఇంత మాత్రం పనిచేయడం చిన్న సంగతి కాదు. డాక్టరు రాసిన మందులు వాడుతూనే ఏ.ఏ. మీటింగ్‌కు వెళ్లొచ్చు. రెంటికీ పోటీ లేదు.

వెతకడానికి నాలుగు దారులు

2019లో వెలువడిన జాతీయ సర్వేను కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఢిల్లీ ఎయిమ్స్‌తో చేయించింది. మన దేశంలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని అది తేల్చింది. మిగతా 37 మందిలో ఎంతోమంది ఎక్కడ అడగాలో తెలియక ఆగిపోయినవాళ్లే. ఇవిగో, అడగాల్సిన చోట్లు.

*మొదటి దారి, ఏ.ఏ. ఇండియా.* ఏ.ఏ. మన దేశానికి 1950లలోనే వచ్చింది. దాని జాతీయ కార్యాలయం ముంబయిలో ఉంది. వాళ్ల వెబ్‌సైట్‌లో మీటింగ్‌ల వివరాలు, హెల్ప్‌లైన్ నంబర్లు ఉంటాయి. మీ పట్టణం పేరుతో వెతకండి, జిల్లా కేంద్రం పేరుతో కూడా వెతకండి.

*రెండో దారి, ప్రభుత్వ ఫోన్ నంబర్లు.* 14446 జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్. 14416 టెలి మానస్, 2022లో మొదలైంది, తెలుగులో మాట్లాడొచ్చు. రెండూ ఉచితం. మీ జిల్లాలో డీ-అడిక్షన్ సెంటర్ ఎక్కడుందో, దగ్గర్లో గ్రూపు ఏమైనా ఉందో అడగండి.

*మూడో దారి, ఆసుపత్రి కౌన్సెలర్.* సైకియాట్రీ వార్డులో డాక్టరు కంటే ఎక్కువసేపు మీతో మాట్లాడేది కౌన్సెలరో, సోషల్ వర్కరో. ఊళ్లో ఏ గ్రూపు నడుస్తోందో, ఏది ఆగిపోయిందో వాళ్లకు తెలిసే అవకాశం ఎక్కువ. ఇంటర్నెట్‌లో కనబడని సమాచారం చాలాసార్లు వీళ్ల దగ్గర దొరుకుతుంది.

*నాలుగో దారి, మానినవాడు.* మీ వీధిలోనో, ఆఫీసులోనో ఒకప్పుడు బాగా తాగి ఇప్పుడు మానేసినవాళ్లు ఒకరుంటారు. "మీరెలా మానారన్నా?" అని విడిగా అడిగి చూడండి. ఆ ప్రశ్నకు నొచ్చుకున్నవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు.

ఒక జాగ్రత్త. ఏ.ఏ. ఫీజు తీసుకోదు. సభ్యులే తలా కొంచెం వేసుకుని గది అద్దె, టీ ఖర్చు భరిస్తారు. అంటే నెలకు ఇన్ని వేలని అడిగే చోటు వేరే, అది ప్రైవేటు సెంటర్. అలాంటిచోట చేర్చాల్సి వస్తే రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థ రిజిస్ట్రేషన్ ఉందా, డాక్టరు రోజూ వస్తాడా, ఇంటివాళ్లను కలవనిస్తారా అని అడిగాకే డబ్బు కట్టండి. కొట్టి మాన్పిస్తామనే చోటి నుంచి వెంటనే బయటకు రండి.

ఫోనులో ఏం మాట్లాడాలి

చాలామంది నంబరు సంపాదించి అక్కడే ఆగిపోతారు. నోరు పెగలదు. అందుకని మాటలు ముందే కాగితం మీద రాసుకోండి. ఇంత చాలు:

"నమస్కారమండీ. నేను తాగుడు మానాలనుకుంటున్నాను. మా ఊరికి దగ్గర్లో మీటింగ్ ఎక్కడ జరుగుతుందో చెబుతారా?"

ఇంటి పేరు, ఉద్యోగం, ఎన్నేళ్ల నుంచి తాగుతున్నారు, ఇవేవీ చెప్పనక్కర్లేదు. అవతలి మనిషి మాట్లాడటం మొదలుపెట్టాక ఇవి అడిగి రాసుకోండి: ఏ రోజు, ఎన్ని గంటలకు? గది ఎక్కడ, ఆనవాలు ఏమిటి? తెలుగులో మాట్లాడతారా? ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా? ఓపెన్ మీటింగ్‌కు ఎవరైనా రావచ్చు, ఇంటివాళ్లను తోడు తీసుకెళ్లొచ్చు. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు మానాలనుకునేవాళ్లకు మాత్రమే.

ఆఖరున తప్పకుండా ఈ మాట అడగండి: "నేను కొత్త. గేటు దగ్గర ఎవరైనా ఉంటారా?" ఉంటారు. మీకోసం పది నిమిషాలు ముందొచ్చి నిలబడతారు. వెళ్లే రోజు మధ్యాహ్నం ఇంకోసారి ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. పండగలకు, పరీక్షలకు గదులు మారుతుంటాయి.

గడప

నాకు దొరికిన మీటింగ్ ఒక చర్చి ఆవరణ వెనక గదిలో జరిగేది. మొదటి వారం ఎదురుగా ఉన్న టీ కొట్టు దాకా వెళ్లాను. రెండు టీలు తాగాను. లోపలికి వెళ్తున్నవాళ్ల మొహాలు చూశాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన, ఆటో నిలిపి వచ్చిన ఒకతను, చేతిలో లంచ్ బ్యాగ్ ఉన్న ఒక కుర్రాడు. వాళ్లలో ఎవరూ నేను ఊహించుకున్న తాగుబోతుల్లా లేరు. తిరిగి ఇంటికొచ్చేశాను. రెండో వారం కూడా అంతే.

మూడో వారం టీ గ్లాసు చేతిలో ఉండగానే ఆ ఆటో అతను రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చాడు. "రెండు వారాలుగా చూస్తన్నానన్నా. నేను నాలుగు వారాలు ఇక్కడే నిలబడ్డా. రా" అన్నాడు. అంతే. చెయ్యి కూడా పట్టుకోలేదు. ముందు నడిచాడు, నేను వెనక నడిచాను.

పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ఫ్యాన్ తిరుగుతూ కిర్రుమంటోంది. ఒకతను కొంచెం జరిగి పక్క కుర్చీ లాగాడు. మీటింగ్ మొదలైంది. ఒక్కొక్కరు తమ చిన్న పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి మాట్లాడారు. ఇస్త్రీ చొక్కా ఆయన, కూతురి పెళ్లిచూపులనాడు బాత్రూమ్‌లో ఫ్లష్ ట్యాంకు వెనక క్వార్టర్ సీసా దాచిన సంగతి చెప్పాడు. నేను బియ్యం డబ్బాలో దాచేవాణ్ని. ఆ సంగతి నా భార్యకు కూడా తెలియదని అనుకునేవాణ్ని. నా ఒంట్లో ఎన్నాళ్లుగానో బిగుసుకుని ఉన్నదేదో ఆ గదిలో సడలింది.

నా వంతు వచ్చింది. "నేను ఇవాళ వింటానండి" అన్నాను. సరేనన్నారు. మీరూ అలాగే అనొచ్చు. అక్కడ ఎవరూ మధ్యలో అడ్డు తగలరు, సలహాలివ్వరు, ఒట్టు వేయించుకోరు. పిల్లల తల మీద చెయ్యి పెట్టి ఎన్ని ఒట్లు వేశామో మాకు తెలుసు. అక్కడ జీవితాంతం తాగనని చెప్పించరు. ఇవాళ తాగకుండా ఉందాం, రేపటి సంగతి రేపు చూద్దాం అంటారు.

గంటన్నరలో అయిపోయింది. వచ్చేటప్పుడు ముగ్గురు ఫోన్ నంబర్లు రాసిచ్చారు. "తాగాక చెయ్యకు, తాగాలనిపించినప్పుడు చెయ్యి" అన్నారు. ఆ కాగితం ఇంకా నా పర్సులో ఉంది.

మనసు చెప్పే సాకులు

*ఎవరైనా చూస్తారు.* అనానిమస్ అంటే పేరు బయటపెట్టకపోవడం. గదిలో విన్నది, చూసినది గదిలోనే వదిలి రావాలన్నది అక్కడి మర్యాద. తెలిసినవాళ్లు ఎదురుపడితే వాళ్లూ మీలాగే మానడానికి వచ్చినవాళ్లు. మనం తూలుతూ నడిచిన రోజున వీధి వీధంతా చూసింది. నిటారుగా నడిచి వెళ్లే దారిలో ఒకరు చూస్తే పోయేదేమీ లేదు.

*అది చర్చి గది, నేను హిందువుని.* లేదా ముస్లింని. తక్కువ అద్దెకు గది ఇచ్చే చోట మీటింగ్ పెట్టుకుంటారు. బడి గది కావచ్చు, ఆసుపత్రి హాలు కావచ్చు. ఏ.ఏ. ఏ మతానికీ చెందదు. తమకంటే గొప్ప శక్తి అనే మాట వినబడుతుంది, దాన్ని ఎవరికి అర్థమైనట్టు వాళ్లు తీసుకుంటారు. దేవుణ్ని నమ్మనివాళ్లు ఆ గ్రూపునే తమ బలంగా అనుకుంటారు. ఆ భాషే మీకు పడకపోతే స్మార్ట్ రికవరీ వంటి గ్రూపులు ఆలోచనను, అలవాటును మార్చుకునే పద్ధతులతో నడుస్తాయి. వాటి మీటింగ్‌లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

*నేనంత తాగుబోతుని కాను.* మీటింగ్‌కు రావడానికి కావలసిన అర్హత ఒక్కటే, తాగుడు మానాలన్న కోరిక. రోజుకు ఎంత తాగుతారని ఎవరూ కొలవరు.

*ఒకసారి వెళ్లాను, నచ్చలేదు.* ఒక్క పెళ్లిచూపులతో సంబంధాలు మానుకోం. కనీసం ఆరు మీటింగ్‌లకు వెళ్లండి, వీలైతే రెండు మూడు గ్రూపులు చూడండి. ఒక్కో గ్రూపుకు ఒక్కో తీరు ఉంటుంది.

*మళ్లీ తాగాను, ఏ మొహం పెట్టుకుని వెళ్లను?* అదే మొహంతో వెళ్లండి. రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. కుర్చీ మాత్రం పాతదే.

ఊళ్లో మీటింగ్ లేకపోతే

పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఇదే పెద్ద కష్టం. వారానికి ఒక్కరోజు బస్సెక్కి దగ్గరి పట్టణంలో మీటింగ్‌కు వెళ్లండి. మిగతా రోజుల్లో ఫోన్‌లో ఆన్‌లైన్ మీటింగ్‌లో కూర్చోండి. కెమెరా ఆపేసుకోవచ్చు. బయటి గదులకు వెళ్లడానికి జంకే ఆడవాళ్లకు ఇది బాగా ఉపయోగపడుతుంది. ఆడవాళ్లకు మాత్రమే జరిగే మీటింగ్‌లు ఉన్నాయేమో కూడా హెల్ప్‌లైన్‌లో అడగండి. తాగే ఆడవాళ్ల మీద సమాజం రాళ్లు మరింత బరువుగా వేస్తుంది. వాళ్లకు తోడు ఇంకా ఎక్కువ కావాలి.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు పని సులువు. ఏ.ఏ. వారి మీటింగ్ గైడ్ యాప్ ఉచితం, దగ్గర్లో ఏ గంటకు ఎక్కడుందో చూపిస్తుంది. కన్నీళ్లు తెలుగులోనే వస్తాయనిపిస్తే ఇండియా ఆన్‌లైన్ మీటింగ్‌ల వేళలు కనుక్కోండి.

ఆ తర్వాత ఊళ్లో ఇంకొకరు దొరికితే, ఇద్దరూ వారానికో రోజు ఒక చోట కూర్చోండి. ఏక్రన్‌లో మొదట కూర్చున్నది కూడా ఇద్దరే.

ఇంట్లోవాళ్లకు

అమ్మా, ఆయన అన్నంలో తెలియకుండా కలిపే పొడులు, పసర్లు కొనకండి. మందు పడకుండా చేసే మాత్రలు డాక్టరు చెప్పి, తాగే మనిషి ఒప్పుకుని వేసుకోవాల్సినవి. తెలియకుండా ఇచ్చాక ఆయన తాగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఆయన మీటింగ్‌కు వెళ్లినా, వెళ్లకపోయినా మీరు వెళ్లొచ్చు. బిల్ విల్సన్ భార్య లోయిస్ 1951లో తాగేవాళ్ల కుటుంబాల కోసం అల్-అనాన్ మొదలుపెట్టింది. మన పెద్ద నగరాల్లో, ఆన్‌లైన్‌లో ఆ గ్రూపులు ఉన్నాయి. ఇంట్లో దెబ్బలు పడుతుంటే మాత్రం ముందు మీ రక్షణ చూసుకోండి, 181కి ఫోన్ చేయండి.

కూర్చుని మాట్లాడుకుంటే ఏమవుతుందో మన ఆడవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకోవడానికి కూడిన ఆడవాళ్లు తమ గోడు ఒకరికొకరు చెప్పుకున్నారు. 1992లో సారా దుకాణం మీదికి కలిసి నడిచారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఎవరి ఇంట్లో వాళ్లు ఏడ్చినన్నాళ్లు కదలనిది, ఒక చోట చేరాక కదిలింది.

ఈ వారం పని

ఇవాళ: పైన చెప్పిన నంబర్లలో ఒకదానికి ఫోన్ చేయండి. వణుకు ఉంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

రేపు: మీటింగ్ రోజు, వేళ, చోటు ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి.

మీటింగ్ రోజు: మధ్యాహ్నం కడుపు నిండా తినండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగూ మనల్ని వైన్ షాపు దాకా మోసుకెళ్తాయి. వేళకు పావుగంట ముందు చేరండి. వెనక కుర్చీలో కూర్చోండి. వినండి. ఒక్క నంబరైనా తీసుకుని రండి.

మర్నాడు: ఆ నంబరుకు ఫోన్ చేసి "నిన్న వచ్చాను" అని చెప్పండి.

నేను మళ్లీ ఒకసారి మాల వేశాను. ఈసారి కొండ నుంచి వచ్చి, అమ్మ చేత మాల తీయించుకుని, మర్నాడు సాయంత్రం ఆరున్నరకు ఆ వెనక గదికి వెళ్లాను. ఎదురుగా టీ కొట్టు దగ్గర ఒక కుర్రాడు గ్లాసు పట్టుకుని గేటు వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు. రోడ్డు దాటి అతని దగ్గరికి వెళ్లాను.